లెక్కల తరగతిలో మౌనము



వంటలు, శిశుపోషణము, కుట్టుపని, పండుగల ముచ్చటలు చదువుట కలవాటుపడిన యీ పుటలయందు కళాశాలలోని గణితపాఠమును గూర్చిన వ్యాసమేల యని మీలో కొందఱనుకొనవచ్చును. ఆ పాఠము జరుగునది మన యింటి గోడల కవతలనే యైనను, దానివలని మంచిచెడ్డలు తుదకు వచ్చి చేరునది మన యిండ్లకే. ఇంజనీరింగు మొదటి సంవత్సరమున చేరిన కొడుకు సంక్రాంతి సెలవులకు వచ్చి, రెండు దినములు గడచిన పిదప, "ఎం-వన్ పోయిందమ్మా" యని మెల్లగా చెప్పుటయు, డిగ్రీ చదువుచున్న కూతురు పుస్తకము మూసి "నాకీ లెక్కలు వద్దు" అనుటయు నెన్ని యిండ్లలో జరుగుటలేదు? మొదటి సంవత్సరపు గణితమునకు విద్యార్థులు పెట్టుకొన్న ముద్దుపేరు ఎం-వన్. అందు తప్పినచో దానిని బ్యాక్‌లాగ్ అందురు. ఫీజు కట్టునది తండ్రియే కావచ్చును. ఆ బ్యాక్‌లాగును రాత్రింబగళ్ళు మోయునది మాత్రము తల్లి మనస్సు.

మేమొక జిల్లాపట్టణములోని బాలికల కళాశాలయందు 28 సంవత్సరములు గణితము బోధించి యీ మధ్యనే విరమించితిమి. ఆ కాలమంతటిలో మమ్ము మిక్కిలి బాధించినది పిల్లల యల్లరి గాని వారికి వచ్చిన తక్కువ మార్కులు గాని కావు. అల్లరి చేయు పిల్ల మేలుకొనియున్నదని యైనను తెలియును. బాధించినది వారి మౌనము. అఱువదిమంది బాలికలు వరుసగా కూర్చుండి, నల్లబల్లపై వ్రాసినదంతయు నక్షరము తప్పక నోటుబుక్కులోనికి దింపుకొనుచు, "అర్థమైనదా?" యనినంతనే "అయ్యిందండీ" యని యేకకంఠముతో పలుకుచున్నచో, ఆ తరగతిలో చదువు జరుగుచున్నదో లేదో బ్రహ్మదేవునికైనను తెలియదు.

అసలా ప్రశ్నయే నిరర్థకమైనది. చుట్టములకు వడ్డించి "వంట బాగున్నదా?" యని యడిగినచో బాగులేదని చెప్పు చుట్టమెవ్వరు? నిజము తెలియగోరు నిల్లాలు మాటలడుగక విస్తరివంక చూచును. గణితమున విస్తరి యనగా విద్యార్థిని చేతిలోని కాగితము. తనంతట తాను నాలుగు పంక్తులు వ్రాయుటకు ఆ గంటలో నామె కవకాశము లేనిచో, విస్తరి వేయకయే విందు ముగించినట్లగును.

ఈ మౌనము పిల్లలకు పుట్టుకతో వచ్చినది కాదు. ఆఱవయేట "ఎందుకు? ఎందుకు?" అని మన కొంగు పట్టుకొని వేధించిన పిల్లలే వీరు. ఇంటర్మీడియెట్టున రెండేండ్లు వేకువనుండి రాత్రివఱకు స్టడీ అవర్లలో కూర్చుండి, పరీక్షకు రాదగిన ప్రశ్నలను, వాని సమాధానములను కంఠస్థము చేయుటతో అడుగుట మఱచిపోవుదురు. అక్కడ తప్పు సమాధానమునకు దక్కునది ర్యాంకు పోవుట, నలుగురిలో చిన్నబోవుట. అట్టి పిల్ల డిగ్రీ తరగతికి వచ్చి, సమాధానము తెలియని ప్రశ్నకు చేయి యెత్తవలెనన్న నెట్లెత్తును?

ఉపాధ్యాయుల తొందరపాటును దీనికి తోడగును. మేరీ బడ్ రో అను నమెరికా విదుషీమణి 1970ల ప్రాంతమున ప్రాథమిక పాఠశాలల విజ్ఞానపాఠములను రికార్డు చేసి పరిశీలించినది. ప్రశ్న వేసిన పిదప ఉపాధ్యాయులు పిల్లల సమాధానమునకై వేచియుండు కాలము సగటున నొక్క సెకను మాత్రమేనట! దానిని మూడు సెకనులకు పెంచినంతనే పిల్లల సమాధానములు పొడవైనవి, ఊరకుండువారు సైతము మాటాడజొచ్చిరి. పసిపిల్లల పాఠములకే యిట్లున్నచో అవకలనము, అనంతశ్రేణులు చెప్పు తరగతికి మూడు సెకనులేమి చాలును? మేము వాచీ చూచుకొని అరనిమిషము మాటాడక నిలుచుట యలవాటు చేసికొంటిమి. చెప్పుటకు సులువే గాని, అఱువదిమంది యెదుట అరనిమిషము నోరు మెదపక నిలుచుట యెంత కష్టమో నిలిచి చూచినవారికే తెలియును.

ఇక ముగ్గు సంగతి చెప్పెదము. ప్రథమ సంవత్సరపు తరగతిలో గణితానుగమనమును గూర్చి చెప్పవలసి వచ్చెను. ఇది పిల్లలు ఇంటర్మీడియెట్టులోనే చదివినది. ఒక సూత్రము 1కి నిజమని చూపవలెను. పిమ్మట 'కె' యను సంఖ్యకు నిజమనుకొని, దాని తరువాతి సంఖ్యకును నిజమని చూపవలెను. పిల్లలందఱు దీనిని సంధ్యావందనమువలె అప్పగించిరి. కెకు నిజమని మనమేల యనుకొనవలెను, అట్లనుకొనుట మోసము గాదా యని యడిగిన నొక్కరును పలుకలేదు. అప్పుడు సుద్దముక్కలు తీసికొని పిల్లలను వరండాలోనికి పిలుచుకొనిపోయి, నలుగురు నలుగురుగా కూర్చుండబెట్టి, సందు చుక్కల ముగ్గునకు చుక్కలు పెట్టుడంటిమి. నడుమ 7 చుక్కలు. దానిపైన, రెండేసి చుక్కల సందున నొక్కొక్కటి చొప్పున 6. ఆపైన 5. ఇట్లు 1 వఱకు. క్రిందివైపునను అట్లే. "మొత్తము చుక్కలెన్ని? ఏడు గాక ఐదుతో మొదలిడిన నెన్ని? నాలుగుతో?" అని యడిగి మేము స్తంభము ననుకొని నిలిచితిమి.

మొదట కూడిక. ఏడింటికి 49, ఐదింటికి 25, నాలుగింటికి 16 వచ్చినవి. "అన్నీ వర్గాలే మేడమ్!" అని యొక మూలనుండి కేక. ఎందువలన నని మా ప్రశ్న. మరల మౌనమే, కాని యీ మౌనము తరగతిలోని దానివంటిది కాదు. తలలు వంగియున్నవి, వ్రేళ్ళు చుక్కలపై నాడుచున్నవి. అంతలో తరగతిలో నెన్నడును నోరు తెఱవని బాలిక యొకతె లేచి, ముగ్గు చుట్టు తిరిగి వచ్చి, ఒక ప్రక్కగా గూర్చుండి, "ఇటునించి చూడండే! ఏటవాలుగా ఏడు వరసలు, వరసకి ఏడు" అన్నది. అందఱు తలలు త్రిప్పిరి. కోణముపై నిలిచిన చతురస్రము కన్నులకు గట్టెను.

ఆపై మా పని సులువయ్యెను. ఏడు చుక్కల ముగ్గు ముందే యున్నది. చెఱపకుండ దానిని ఎనిమిది చుక్కల ముగ్గుగా మార్చుటకు ఎన్ని చుక్కలు కావలెను? రెండు ప్రక్కల నేడేసి, మూలనొకటి, వెరసి 15. 49కి 15 చేర్చిన 64. అనగా ఎనిమిది యెనిమిదులు. "కెకి నిజమనుకోవటమంటే, కె ముగ్గు పెట్టేసి ఉందనుకోవటమా మేడమ్!" అని యింకొక బాలిక యాశ్చర్యముతో ననెను. అంతే. రెండేండ్లు వల్లించిన మంత్రమునకు ఆ పూట అర్థము తెలిసెను. ఆ గంటలో మేమాడిన మాటలు పట్టుమని పదిలేవు.

గణితశాఖ ముగ్గులపోటీ పెట్టినదని తోటి యధ్యాపకులు కొందఱు నవ్విరి. నవ్వవచ్చును గాని, ముగ్గున మహిమయేమియు లేదు. ఆ ముగ్గునే మేము నల్లబల్లపై వేసి చూపియుండినచో, పిల్లలు దానినిగూడ నోటుబుక్కులోనికి దింపుకొని యూరకుందురు. చుక్కలు పెట్టినదెవరు, చుట్టు తిరిగి చూచినదెవరు అన్నదే ముఖ్యము. పాఠమున విద్యార్థినులకు శ్రద్ధ కలిగింపవలెనన్న హాస్యపు కథలు చెప్పవలెననియు, తెరలపై రంగుబొమ్మలు చూపవలెననియు పలువురు తలంతురు. అవి చెడ్డవని మే మనము. కాని పిల్ల చేయవలసిన పనిలో కొంత నిజముగా నామెకు విడిచిపెట్టనిచో రంగులన్నియు వ్యర్థములే. మన పూర్వులకీ సంగతి తెలియును. భాస్కరాచార్యుడు 1150లో రచించిన లీలావతియందు లెక్కలనేకములు ఒక బాలికను సంబోధించి యడిగినవే. తుమ్మెదల గుంపులో నైదవవంతు కడిమిపూవునకు, మూడవవంతు వేఱొక పూవునకు పోగా, ఆ రెంటి భేదమునకు మూడురెట్లు మఱియొక పూవునకు పోయినవట. ఒక్క తుమ్మెద మిగిలినది. మొత్తమెన్నియో చెప్పుమని యామెనే యడుగును. మన తెలుగున పావులూరి మల్లన గణితగ్రంథము సైతము పద్యములలో నున్నది. అవన్నియు చదువరి నోట సమాధానము రప్పించుటకు వ్రాసినవి.

ఏటవాలు వరుసలను కనిపెట్టిన యా బాలిక సంగతి. తండ్రి తాపీపని చేయువాడు. ఊరు పట్టణమునకు గంట దూరము. ఆ యింట కళాశాల గడప త్రొక్కిన మొదటి పిల్ల యీమెయే. మొదటి సెమిస్టరులో గణితమున తప్పినది. మరల తప్పినచో చదువు మాన్పించి, చూచియుంచిన సంబంధము ఖాయము చేయుటకు పెద్దలు నిశ్చయించుకొనిరని యామె స్నేహితురాలు మాతో చెప్పెను. తండ్రిని పిలిపించితిమి. ఆయన దుర్మార్గుడు కాడు. "అమ్మగారూ, దానికి బుర్ర లేదని నేననటం లేదు. మేమెరగని చదువాయె. ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు. ఒక్కతే కూర్చుని ఎంతకని కుస్తీ పడుతుంది?" అనెను.

ఒక్కతే యన్న యా మాట వినినప్పుడు, మేము చదివియున్న బర్క్‌లీ వృత్తాంతము మాకు స్ఫురించినది. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున 1970లలో కలనగణితపు మొదటి తరగతిలో నల్లజాతి విద్యార్థులు పెక్కుమంది తప్పుచుండిరి. వీరు తమ పాఠశాలలలో మొదటివారుగా నుండి వచ్చినవారు. ఎందుకు తప్పుచున్నారని యధ్యాపకుల నడుగగా, వారికి పట్టుదల లేదని కొందఱు, పునాది చాలదని కొందఱు, ఇంటిలో ప్రోత్సాహము లేదని కొందఱు, బీదతనమని కొందఱు చెప్పిరి. యూరి ట్రైస్మన్ అను యువకుడు ఈ మాటలను నమ్మి యూరకుండక, ఇరువది మంది నల్లజాతి విద్యార్థులను, ఇరువది మంది చైనా సంతతి విద్యార్థులను ఎంచుకొని, వారు చదువుకొను గదులకు, ఇండ్లకు తానే పోయి చూచెను. అధ్యాపకులు చెప్పిన కారణములలో నొక్కటియు నిలువలేదు. తల్లిదండ్రులు ఎంతో యాశతో పంపినవారే. పిల్లలు చెప్పినన్ని గంటలు చదువుచున్నవారే. కాని దాదాపు అందఱును ఒంటరిగా చదువుచుండిరి. చైనా పిల్లలో, కొంతసేపు విడివిడిగా చదివి, సాయంత్రము కూడి, కలసి వండుకొని తినుచు, ఒకరి లెక్క నొకరు దిద్దుకొనుచుండిరి. అందఱికి నొక సమాధానము వచ్చి తన కొక్కనికి వేఱు వచ్చినచో తప్పు తనదని యక్కడనే తెలిసిపోవును. అందఱికిని రానిచో లెక్కయే కఠినమని తెలిసి మనస్సు కుదుటపడును. ఒంటరిగా నున్నవానికి ఈ రెంటిలో నేదియో తెలియదు. తనకు గణితము రాదని మాత్రము తోచును.

ట్రైస్మన్ చేసిన చికిత్సలో మాకు మిక్కిలి నచ్చినది, వెనుకబడినవారని ప్రత్యేకముగా సులభపాఠములు చెప్పకుండుట. పరీక్షలో వచ్చు వానికంటె కఠినమైన లెక్కలను వారి యెదుట పెట్టి, గుంపులుగా కూర్చుండి సాధింపుడనెను. ఆ వర్గములకు వచ్చినవారిలో తప్పువారు తగ్గుటయేగాక, పెక్కురు మంచి శ్రేణిలో నెగ్గిరి. పిమ్మట ననేక కళాశాలలు ఈ పద్ధతిని గైకొనెను. నీకు రాదని జాలిపడి సులువైన లెక్క నిచ్చుటకంటె, నీవు చేయగలవని కఠినమైనది నిచ్చుట గౌరవము. పిల్లలకీ భేదము వెంటనే తెలియును.

మేమును శనివారము మధ్యాహ్నములందు నలుగురేసి బాలికల నట్లు కూర్చుండబెట్టితిమి. చిక్కులు వచ్చినవి. తాపీమేస్త్రి కూతురు ఆఱుగంటల పల్లెవెలుగు బస్సు దాటినచో ఇల్లు చేరలేదు. ఒక బాలిక సాయంత్రము చెల్లెండ్రకు వండిపెట్టవలెను. ఇంకొకతెను శనివారము కళాశాల యేమిటని యింటివారు పంపరైరి. గణితశాస్త్రపు కష్టములన్నియు గణితశాస్త్రములోనే యున్నవనుకొనుట పొరబాటు. ఎట్టకేలకు ఆ వంటచేయు బాలిక తల్లియే, "మా ఇంటి అరుగు మీదే కూర్చోండి, దానికీ వంట తప్పదు, మీకూ చదువు తప్పదు" అనెను. పొయ్యిమీద పప్పు ఉడుకుచుండగా వారు సమాకలనములు చేసిరి. మేస్త్రి కూతురు రెండవమాఱు నెగ్గినది. మార్కులు చెప్పుకొనదగినవి కావు. పెండ్లిమాట వెనుకకు పోయెను. పూర్తిగా పోలేదు, డిగ్రీ ముగియువఱకు వాయిదా పడెను.

తరగతిలోనే ఈ విధముగా చేయుటకు మార్గములున్నవి. హార్వర్డులో భౌతికశాస్త్రము చెప్పు ఎరిక్ మజూర్ 1990ల తొలినాళ్ళలో ఒక పద్ధతి నారంభించెను. నడుమ నొక ప్రశ్న వేసి, ఎవరికివారు సమాధానము నెన్నుకొన్న పిదప, ప్రక్కవారిని ఒప్పింప ప్రయత్నింపుమని చెప్పి, మరల నెన్నుకొనుమనును. దీనికి యంత్రములక్కఱలేదు, చేతివ్రేళ్ళు చాలును. మేము 0.999 అని తొమ్మిదులు అంతులేక సాగునెడల అది ఒకటికంటె తక్కువయా, ఒకటికి సమానమా యని యడుగుచుంటిమి. తక్కువయని వ్రేలెత్తువారే యెప్పుడు నెక్కువ. ప్రక్కవారితో వాదింపుడనగానే తరగతి సంతబజారగును. ఏ యేడు చూచినను ఎవరో యొకరు మూడవవంతును దశాంశములలో వ్రాసి, 0.333 అని సాగుదానిని మూడింట హెచ్చించి, సమానమే యని చూపుదురు. "అయితే ఆ కాస్త భేదము ఎక్కడికి పోయింది?" అని యెదుటివారు విడువరు. ఆ పట్టుదలనుండియే అవధి యను భావమును చెప్పవచ్చును.

ఇట్టి పద్ధతులవలన ఫలమున్నదా యని యడుగువారికి లెక్కలు గలవు. 2014లో స్కాట్ ఫ్రీమన్ మున్నగువారు విజ్ఞానము, ఇంజనీరింగు, గణితము చెప్పు కళాశాల తరగతులపై జరిగిన 225 పరిశోధనలను కలిపి చూచిరి. ఉపన్యాసము మాత్రమే వినిన తరగతులలో నూటికి 34గురు తప్పగా, పిల్లలచే పని చేయించిన తరగతులలో 22గురు తప్పిరి. ఈ పండ్రెండుగురు ఏయే యిండ్ల బిడ్డలో తలచుకొనుడు.

కాని ఇట్లు చెప్పించుకొను పిల్లలే దీనిని నిందింతురు! 2019లో ప్రచురింపబడిన యొక హార్వర్డు పరిశోధనలో, తాము పని చేసిన తరగతిలోని విద్యార్థులు ఎక్కువ నేర్చుకొనియు, తక్కువ నేర్చుకొంటిమని తలంచిరి. చక్కని యుపన్యాసము వినినవారు తక్కువ నేర్చియు, చాల నేర్చితిమని సంతసించిరి. కష్టపడుచున్నపుడు రానట్లు తోచుట సహజము. ఇది తల్లులు గుర్తింపవలసిన సంగతి. ఒక తల్లి మాకడకు వచ్చి, "మీరేమీ చెప్పరటగా, అంతా పిల్లలచేతే చేయిస్తారట. మేము ఫీజులు కట్టేది అందుకా?" యని నిలదీసెను. ఆమెను కూర్చుండబెట్టి, బిడ్డకు వంట నేర్పునపుడు తాను వండుచు చూడుమన్నదా, గరిటె చేతికిచ్చినదా యని యడిగితిమి. నవ్వి, ముందు మాడ్చినదని చెప్పెను. పూర్తిగా సమాధానపడి వెళ్ళినదని మాత్రము చెప్పజాలము.

ఆడపిల్లల విషయమున నింకొక మాట. కొలరాడో విశ్వవిద్యాలయపు శాండ్రా లార్సెన్ మున్నగువారు 2014లో ప్రకటించిన దానినిబట్టి, ఉపన్యాసపు గణితతరగతులలో యువతులు తమకు కలిగిన లాభమును, ధైర్యమును యువకులకంటె తక్కువగా చెప్పిరి. తామే శోధించి నేర్చుకొను తరగతులలో ఈ భేదము కానరాలేదు. ఇది చదివి మేము సంతసించితిమి. కాని 2020లో ఎస్ట్రెల్లా జాన్సన్ మున్నగువారు అమూర్తబీజగణితపు తరగతులను పరీక్షింపగా, శోధనపద్ధతిలో యువకులు యువతులను మించిపోయిరి. మామూలు తరగతులలో అట్టి భేదము లేదు. రెండును నమ్మదగినవే. మాకు తోచిన సమాధానమిది: గుంపు పెట్టినంతమాత్రమున సరిపోదు, అందు సుద్దముక్క యెవరిచేత నున్నదో చూడవలెను. మగపిల్లలు, ఆడపిల్లలు కలసి చదువు ఇంజనీరింగు కళాశాలలో మేమొకమాఱు చూచితిమి. నలుగురి గుంపులో ఇద్దఱబ్బాయిలు వాదించుచుండగా, ఒక యమ్మాయి వారి వాదమును ముత్యాలవంటి యక్షరములతో వ్రాసిపెట్టుచుండెను. చూచుటకు నలుగురును పాఠములో మునిగియున్నట్లే. కాని యామె చేయునది గుమాస్తాపని. సుద్ద చేతులు మారవలెనని, వ్రాయువారు ప్రతిదినము మారవలెనని నియమము పెట్టవలసినది అధ్యాపకులే.

ఇక మన యింటివంతు. పరీక్ష వ్రాసి వచ్చినంతనే మార్కులెన్ని వచ్చునని యడుగుట మన కలవాటు. ఆ ప్రశ్నను మానుట కష్టమే. అడుగుడు, కాని దానికి ముందు, ఈ దినము మీ క్లాసులో నీవేమడిగితివని యొకమాఱడుగుడు. ఫోనులో యూట్యూబు పాఠము చూచుచున్న పిల్లను చదువుచున్నదనుకొని మురియక, ఆ పాఠము నడుమ నాపి తరువాతి పంక్తి తానే వ్రాయుచున్నదేమో చూడుడు. స్నేహితురాండ్రతో కూర్చుండి చదువుట కబుర్లకని మనకు శంక. కబుర్లును ఉండును, ఉండనిండు. గణితము తెలియని తల్లి యేమి చేయగలదందురా? ప్రసిద్ధ గణాంకశాస్త్రజ్ఞుడు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన సి. ఆర్. రావుగారు 102 ఏండ్లు జీవించి 2023లో కీర్తిశేషులైరి. చిన్నతనమున ప్రతిదినము తెల్లవారుజామున నాలుగుగంటలకు లేపి, చదువుకొనుటకు నూనెదీపము వెలిగించియిచ్చిన తల్లి లక్ష్మీకాంతమ్మగారిని ఆయన తమ గ్రంథమునొకదానిని అంకితమిచ్చుచు స్మరించిరి. ఆమె లెక్క చెప్పలేదు, దీపము పెట్టినది.

ఇవన్నియు చేయుటకు సిలబస్సు అడ్డమని అధ్యాపకులందురు. నిజమే. సెమిస్టరు చిన్నది, బల్లలు నేలకు బిగించియుండును, సెక్షనుకు అఱువది డెబ్బదిమంది. మేమును ప్రతిదినము ముగ్గులు పెట్టలేదు. వారమున కొక గంట పూర్తిగాను, తక్కిన గంటలందు నడుమ నైదు నిమిషములును విడిచితిమి. సిలబస్సు వెనుకబడిన సంవత్సరములున్నవి. అప్పుడు కొన్ని యుపపత్తులు విడిచి, పుస్తకమున చదువుకొనుడంటిమి. అన్నియు చెప్పి యేమియు మిగులకుండుటకంటె నది మేలని మా యభిప్రాయము. పరీక్షాధికారులొప్పకపోవచ్చును.

మేస్త్రి కూతురు మూడవయేట ధనుర్మాసములో ఒక సోమవారము తరగతికి ముందే వచ్చి మా బల్లవద్ద నిలిచెను. వాకిట సరి చుక్కల ముగ్గు పెట్టినదట. నడుమ 7, పైన ఇరువైపుల నొక్కొక్క చుక్క విడిచి 5, 3, 1, క్రిందను అట్లే. కూడిన 25. తొమ్మిదితో మొదలిడిన 41. పదునొకండుతో 61. "ఇవి సందు చుక్కలాగ వర్గాలు కావు మేడమ్. కాని 25 అంటే 16, 9. 41 అంటే 25, 16. 61 అంటే 36, 25. పక్కపక్క వర్గాలు రెండేసి కలిసి వస్తున్నాయి. ఎందుకండీ?" యని యడిగెను. సమాధానము చెప్పక, చుక్క విడిచి చుక్క పసుపుతో పెట్టి చూడుమని మాత్రమంటిమి. మీ వాకిటను పెట్టి చూడుడు. పసుపు చుక్కలు వేఱుగా, తెల్లనివి వేఱుగా లెక్కించునపుడు తల కొంచెము ప్రక్కకు వంపవలెను.